ఠంగుమన్న మానే ఎందుకు పోతోంది?

యాంకర్: కాకినాడ స్టూడియో నుంచి నమస్కారం. అడవి మొత్తం నరక్కుండా ముదిరిన మానులు మాత్రం ఏరి కొడితే నష్టమేంటి? మేస్త్రి గారూ, తాళ్ళరేవులో పడవలు కట్టినవారు, మీరే మొదలెట్టండి.

మేస్త్రి: ఆయ్. చిన్నప్పుడు మా నాన్నతో పాపికొండల వైపు కలపకెళ్ళేవాణ్ణండీ. ఆయన గొడ్డలి తిరగేసి మానుని కొట్టి చెవి పెట్టేవాడు. ఠంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల తొర్ర. తొర్రది మాకెందుకండీ, వదిలేసేవాళ్ళం. లావుగా, తిన్నగా ఉన్నది ఒక్కటే తెచ్చుకుంటే అడవెక్కడికి పోద్దండీ?

లెక్చరర్: మీరు వదిలేసిన ఆ తొర్రలోనే హార్న్‌బిల్ అనే పెద్దముక్కు పక్షి గుడ్లు పెడుతుంది. ఆడపక్షి లోపలికెళ్ళి వాకిలిని రెట్టతో మూసేసుకుంటుంది, సన్నటి చీలికలోంచి మగది పళ్ళు అందిస్తుంది. దానికి తొర్ర తొలవడం చేతకాదు, ఉన్నది వెతుక్కోవాల్సిందే.

యాంకర్: వదిలేశారుగా మరి!

లెక్చరర్: ఇవాళ్టికి సరే. ఆ తొర్రమాను ఏ గాలివానకో కూలిపోతే, తర్వాత తొర్ర పడాల్సింది ఆ ఠంగుమన్న మానుకే కదండీ? కొమ్మ విరిగి, అక్కడ పుచ్చి, చెద తిని, మనవళ్ళ కాలానికి గూడయ్యేది. చెట్ల లెక్క చూస్తే పెద్దగా తగ్గదు, గూళ్ళే ఉండవు.

రిటైర్డ్ రేంజర్: పైగా మాను ఒక్కటే పడదండీ. తీగలు అల్లుకుని ఉంటాయి, పక్క చెట్లనీ లాక్కుని పడుతుంది. ముందే తీగలు కోయించమంటే కాంట్రాక్టరు కూలి దండగనేవాడు, ఆ మాటకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. పైన పెద్ద సందు పడి ఎండ నేలకి దిగితే నీడమొక్కలు మాడి లాంటానా పొదలు కమ్మేస్తాయి.

మేస్త్రి: టేకుకి ఎండ కావాలి కదండీ?

రేంజర్: నిజమే, చిన్న సందైతే టేకు పిల్లకి మేలే. అన్ని చోట్లా పెద్ద సందులు పెడితేనే తంటా. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఒప్పుకున్న వర్కింగ్ ప్లాన్, అంటే ఏ చెట్లు ఎప్పుడు కొట్టాలో రాసిన ప్రణాళిక, లేకుండా అడవిలో చెట్లు కొట్టొద్దంది. పాపికొండలు 2008లో నేషనల్ పార్కు కూడా అయ్యాయి.

మేస్త్రి: మా నాన్న కొట్టిన టేకు మళ్ళీ చిగురేసుంటదాండీ?

రేంజర్: వేసే ఉంటుంది. కాకపోతే ఒక్క మోడుకి నాలుగైదు పిలకలు, అన్నీ సన్నగా. లావెక్కాలంటే ఒకటుంచి మిగతావి తీసెయ్యాలి.