థౌమటోమిర్మెక్స్ చీమను ఫొటోలో ఎలా గుర్తుపట్టాలి?

నమస్తే అండీ. ఈ వీడియో మొత్తం ఒకే ఒక్క చీమ ప్రజాతి గురించి, పేరు థౌమటోమిర్మెక్స్. మన దేశంలో ఇది లేదు. మెక్సికో దక్షిణ భాగం నుంచి మధ్య అమెరికా మీదుగా బ్రెజిల్ దాకా, అటు క్యూబాలో కూడా ఉంటుంది. ఇంత పెద్ద ప్రాంతంలో ఉన్నా, జీవితమంతా చీమల మీదే పనిచేసే వాళ్ళకు కూడా ఇది ఎప్పుడో గానీ కనపడదు.

ఫొటో చూడండి. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతోంది కదా, సైజు కొన్ని మిల్లీమీటర్లే. కానీ రంగు, సైజు చూసి తేల్చేయకండి, అలాంటి చీమలు బోలెడు. తలను ఎదురుగా తీసిన ఫొటోకి వెళ్దాం. ఇక్కడ జూమ్ చేస్తున్నాను. దవడ మొదట్లో సన్నటి కాడలా ఉంది, దాని నుంచి పొడుగాటి పళ్ళు త్రిశూలంలా బయటికొచ్చాయి. దవడలు మూసుకున్నప్పుడు చూడండి, ఎడమవైపు పళ్ళు కుడివైపుకీ, కుడివైపువి ఎడమవైపుకీ దాటిపోతాయి, చివరి పన్నయితే తల అంచు కూడా దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఇది కనిపించిందంటే ఇక డౌట్ అక్కర్లేదు. మన దక్షిణ భారతంలో ఉండే హార్పెగ్నాథోస్ అనే చీమకీ పొడుగు దవడలే గానీ, అవి ముందుకు సాగి పైకి వంగి ఉంటాయి, ఇలా అడ్డంగా పెనవేసుకోవు.

మరి ఇంత వింత దవడలు ఎందుకు? నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. పాలిక్సెనిడ్ అని బుల్లి రోకలిబండ పురుగులు (మిల్లిపీడ్‌లు) ఉంటాయి, ఒంటినిండా ముళ్ళలాంటి వెంట్రుకలు. మామూలు చీమ దాని జోలికి వెళ్తే ఆ వెంట్రుకలు ఊడి కాళ్ళకీ మూతికీ చుట్టుకుపోతాయి, ఇక కదల్లేదు. థౌమటోమిర్మెక్స్ మాత్రం ఆ పొడుగు పళ్ళను వెంట్రుకల మధ్యలోంచి దూర్చి పట్టుకుని, కుట్టి, గూటికి మోసుకెళ్తుంది. అక్కడ ముందరి కాళ్ళతో రుద్ది రుద్ది వెంట్రుకలన్నీ ఊడబెరికాకే తినడం మొదలుపెడుతుంది. బ్రెజిల్‌లో బ్రాండావో, డినిజ్, టొమొటాకె అనే పరిశోధకులు ఈ సంగతిని 1991లో ప్రచురించారు. కీటక శాస్త్రవేత్త మాయర్ ఈ ప్రజాతికి పేరు పెట్టింది 1887లో, అంటే దవడల గుట్టు తెలియడానికి వందేళ్ళు దాటింది!

గూళ్ళు కూడా చిన్నవే, ఒక్కో గూట్లో కొద్దిపాటి చీమలే ఉంటాయి. రెక్కల రాణి ఇంతవరకూ దొరకలేదు, కూలి చీమల్లోనే ఒకటి గుడ్లు పెడుతుంది. అందుకే ఆ దేశాల్లో ఉన్న మన వాళ్ళెవరైనా అడవిలో రాలిన ఆకులు జల్లెడ పడుతుంటే, దొరికిన చీమను పైనుంచి ఒక్క ఫొటో తీసి వదిలేయకండి. తలను ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి, చోటు, తేదీ రాసి పెట్టుకోండి. ఇంత అరుదైన చీమ విషయంలో ప్రతి కొత్త చోటూ లెక్కలోకి వస్తుంది.