అంకుడాకు నూనె ఆరు వారాలు వాడాను: చుండ్రు తగ్గిందా?

నమస్కారం. ఈ సీసా గురించి మీలో చాలామంది ఇప్పటికే చూసి ఉంటారు. ధర, పరిమాణం, అందులో కలిపిన మూలికల పేర్లు వీడియో కింద రాశాను కాబట్టి మళ్ళీ చదవను. తయారుచేసేవాళ్ళే నాకు రెండు సీసాలు ఉచితంగా పంపారు. డబ్బు తీసుకోలేదు, ఈ వీడియోను వాళ్ళకు ముందుగా చూపించలేదు. ఆరు వారాలు వాడిన తరువాతే మాట్లాడుతున్నాను.

ముందు ఈ రంగు చూడండి. కిటికీ దగ్గర వెలుతురులో కొంచెం వంచుతాను. నూనె పక్కకు జారిన చోట, గాజుకు పల్చగా అంటుకున్న చోట నేరేడు పండు రసంలా ఉంది, కనబడుతోందా? ఇందులో రంగు కలపలేదు. పచ్చటి అంకుడు ఆకును కొబ్బరి నూనెలో వేసి ఎండలో పెడితే నూనె తనంతట తానే ఊదారంగుకు తిరుగుతుంది.

అంకుడు అంటే నాకు చిన్నప్పుడు బొమ్మలే గుర్తు. మా అమ్మమ్మగారి ఊరు ఏటికొప్పాకకు దగ్గర. అక్కడి లక్క బొమ్మలు చేసేది ఈ చెట్టు కర్రతోనే. కర్ర తెలుసు కానీ ఆకు సంగతి తెలియదు. అది చెన్నైలో ఉన్నప్పుడు మా పక్కింటి తమిళావిడ దగ్గర నేర్చుకున్నాను. వాళ్ళు దీన్ని వెట్పాలై అంటారు. తమిళనాడు సంప్రదాయ వైద్యమైన సిద్ధ వైద్యంలో చుండ్రుకూ సోరియాసిస్‌కూ ఈ తైలం వాడతారు. ఆకు కోసిన తొడిమ దగ్గర తెల్లటి పాలు కారతాయి. కడిగి, నీడలో తడి పూర్తిగా ఆరనిచ్చి, చేత్తోనే తుంచాలని ఆవిడ పట్టుబట్టేవారు. తుంచిన ఆకులను గాజు సీసాలో కొబ్బరి నూనెలో ముంచి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, డాబా మీద పెట్టేవారు. రోజూ సాయంత్రం ఆ సీసాను ఎత్తి చూడడం నాకు అలవాటైపోయింది. మొదట ఆకుల అంచుల చుట్టూ ఊదా చారలు, తరువాత సీసా అంతా. ఇలా మంట లేకుండా ఎండతోనే తైలం సిద్ధం చేసే పద్ధతిని ఆయుర్వేదంలో ఆదిత్యపాకం అంటారు. ఈ కంపెనీ నూనె పక్కన నేను గత నెల చేసుకున్న నూనె పెట్టి చూశాను. రంగు, వాసన దాదాపు ఒకటే. నాకు నిజంగా సంతోషం కలిగింది, ఎందుకంటే మూలికల పేరు చెప్పి ద్రవ పారఫిన్, అంటే పెట్రోలియం నుంచి తీసే నూనె, అమ్మే సీసాలు ఇంతకుముందు చాలా చూశాను. కొనేముందు సీసా వెనక తిప్పి, మొదట రాసింది కొబ్బరి నూనా, పారఫినా చూసుకోండి.

ఇక నాకు కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ఇదిగో, లేబుల్ మీద పెద్ద అక్షరాలతో రాశారు: రాత్రి తలకు బాగా పట్టించి, ఉదయం స్నానం చేయండి. ఈ మాట ఎవరు రాశారో కానీ, చుండ్రు ఉన్నవాళ్ళకు ఇవ్వవలసిన సలహా ఇది కాదు. మన అందరి మాడు మీద మలాసీజియా అనే శిలీంధ్రం ఉంటుంది. తల మీద ఊరే జిడ్డే దానికి ఆహారం. ఆ జిడ్డును విరగ్గొట్టినప్పుడు వెలువడే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు. అప్పుడు దురద, పొట్టు మొదలవుతాయి. అలాంటి తలను రాత్రంతా నూనెలో నానబెడితే ఏమవుతుంది?

లేబుల్ చెప్పినట్టే మొదటి పది రోజులు చేశాను. దురద పెరిగింది. దువ్వెన పళ్ళ మొదళ్ళలో పసుపుపచ్చగా, మైనంలా అంటుకునే పొట్టు పేరుకుంది. గోరుతో గీరితే గానీ రాలేదు. అప్పుడు పద్ధతి మార్చాను. వారానికి రెండుసార్లే, పాపిడి తీసుకుంటూ మాడుకు మాత్రమే, వేలి కొనలతో రాసి, అరగంట ఉంచి కడిగేశాను. మూడు వారాలకు చెవుల వెనక దురద పోయింది. నల్ల చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి భుజాలు దులుపుకోకుండా ఇంటికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది.

పాత గ్రంథాలు కూడా నూనెతో ఆగిపోలేదు. సుశ్రుత సంహితలో దారుణకం అనే తల జబ్బు ఉంది. దురద, పొడిబారడం, మాడు పగలడం దాని లక్షణాలు. చికిత్సలో తైలంతో పాటు ఆరిక గడ్డి క్షారం కలిపిన నీళ్ళతో తల కడగమని కూడా చెప్పారు. రాయడం ఎంత ముఖ్యమో, కడగడం అంత ముఖ్యం.

నేను కుంకుడుకాయలతో కడిగాను. ఏడెనిమిది కాయలు గింజ తీసి, వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, తప్పకుండా గుడ్డతో వడకట్టాలి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో చిక్కుకుని అదే చుండ్రులా కనబడుతుంది. మెంతి ముద్దతోనూ ఇదే బాధ. జుట్టు బాగా పొడిగా ఉన్నవాళ్ళకు ఘాటు తక్కువ ఉన్న షాంపూ చాలు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి. గోళ్ళతో గోకవద్దు. తడి జుట్టు ముడివేయవద్దు. హెల్మెట్ లోపలి గుడ్డ ఉతకండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు చుండ్రు పన్నెండేళ్ళుగా ఉంది. నిమ్మరసం రుద్దుకుని మంటతో ఏడ్చిన రోజులున్నాయి. కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి కూడా వాడాను. పసిపిల్లలకు మాత్రం అది ఎప్పుడూ రాయకండి, కర్పూరం వల్ల వాళ్ళకు మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. చర్మ వైద్యురాలు రాసిచ్చిన 2 శాతం కీటోకొనజోల్ (శిలీంధ్రాన్ని అణిచే మందు) షాంపూ నాకు బాగా పనిచేసింది. ఆపిన కొన్నాళ్ళకు చుండ్రు తిరిగి వచ్చేది. చుండ్రు అదుపులో ఉండే సమస్యే తప్ప ఒక్కసారి మందు వేస్తే శాశ్వతంగా పోయేది కాదు. ఈ ఆరు వారాల్లో కూడా ఆ షాంపూ రెండుసార్లు వాడాను. కాబట్టి మెరుగుదల మొత్తం ఈ నూనె గొప్పే అని చెప్పలేను. మందంగా వెండి రంగు పొలుసులు కట్టినా, రసి కారినా, జుట్టు కుచ్చులుగా ఊడినా నూనెలు పక్కన పెట్టి వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

మూత రంధ్రం పెద్దది, ఒత్తితే అరచేతి నిండా పడుతుంది. తెల్ల తువ్వాలుకు ఊదా మరక అవుతుంది.

అయినా నాకు ఈ నూనె నచ్చింది. ఆకు దొరికేవాళ్ళు ఇంట్లోనే చేసుకోండి, దొరకనివాళ్ళు కొనండి. రెండో సీసా మా అక్కకు ఇస్తున్నాను. లేబుల్ మీద ఆ రాత్రి మాట ఉన్న చోట కాగితం అంటించి, నా చేత్తో ఇలా రాశాను చూడండి: అరగంట మాత్రమే.