బ్రాండు వాళ్లది, అద్దె మనది

(శ్రీకాకుళంలో చిన్న వ్యాపారులు, మాజీ సైనికులు, డిగ్రీ విద్యార్థుల సభలో ఒక ఆడిటర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది మిలిటరీలో చేసి వచ్చినవాళ్లని చూస్తేనే తెలుస్తోంది. ఈ జిల్లాలో ఆడిటర్‌కి మీరు కొత్త కాదు. పెన్షన్ ఖాయమైంది, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ కలిపి చేతికి కొంత డబ్బు వచ్చింది, వయసు ఇంకా నలభై దగ్గరే. ఖాళీగా కూర్చోబుద్ధి కాదు, సెక్యూరిటీ డ్యూటీకి మనసొప్పదు. సరిగ్గా అప్పుడే ఫోన్లో ఒక ప్రకటన కనబడుతుంది: ‘మీ ఊళ్లో మా ఔట్‌లెట్, అనుభవం అక్కర్లేదు, ఏడాదిలో పెట్టుబడి వెనక్కి’. మర్నాడు పొద్దున్నే నా ఆఫీసుకు వచ్చి, ‘ఆడిటరు గారూ, ఫ్రాంచైజీ తీసుకుందాం అనుకుంటున్నాను, మంచిదేనా?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ కొట్టు రోజుకి ఎన్ని బిల్లులు కొడితే గట్టెక్కుతుందో లెక్క వేసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం అంటాను. ఈ రోజు నేను చెప్పబోయేది ముఖ్యంగా ఆ లెక్క గురించే.

ముందు మనం కొంటున్నది ఏమిటో చూద్దాం. ఒక పేరు, ఒక పద్ధతి, సరుకు వచ్చే దారి. ఈ మూడూ కొన్నేళ్లపాటు వాడుకోవడానికి అనుమతి, అంతే. మిగతాదంతా మనదే. అద్దె మనది, కరెంటు బిల్లు మనది, కుర్రాళ్ల జీతాలు మనవి, బ్యాంకు కిస్తీ మనది. మనలాంటి వాళ్లకు అమ్మేవి ఎక్కువగా పెట్టుబడీ మనమే పెట్టి, కొట్టూ మనమే నడిపే రకం. దాన్నే ఫోఫో అంటారు. పెట్టుబడి మాత్రం మనది, నడిపేది కంపెనీ అయితే ఫోకో. దాని సంగతి తరవాత చెబుతాను, అందులో ఒక గొయ్యి ఉంది.

కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం చాలా అవసరం. మెక్‌డొనాల్డ్స్ సంగతే తీసుకోండి. రే క్రాక్ అనే ఆయన 1955లో ఆ పేరు మీద ఫ్రాంచైజీలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఫ్రాంచైజీ ఫీజు, రాయల్టీ, అంటే అమ్మకంలో కంపెనీకి కట్టే వాటా, చాలా తక్కువ పెట్టాడు. దాంతో ఖర్చులు గట్టెక్కలేదు. మరుసటి ఏడాది హ్యారీ సొన్నెబార్న్ అనే ఆర్థిక నిపుణుడి సలహాతో స్థలాలు తాము లీజుకు తీసుకుని ఫ్రాంచైజీదారుకి అద్దెకివ్వడం మొదలెట్టారు. దాంతో దశ తిరిగింది. అద్దె నెలనెలా రావాలంటే ఆ కొట్టు బతకాలి కదా, అంచేత కొట్టు బతకడం కంపెనీకీ అవసరమైంది. మీ దగ్గరికి వచ్చిన కంపెనీని ఈ ప్రశ్నే అడగండి. దానికి రాబడి రాయల్టీ మీద వస్తోందా, మసాలా పొడులూ కప్పులూ అమ్మడం మీద వస్తోందా, లేక కొత్త కొత్త ఫ్రాంచైజీలు అమ్మడం మీదే వస్తోందా? మూడోది అయితే మీ చెక్కు క్లియరైన రోజునే వాళ్ల వ్యాపారం అయిపోయినట్టు. ఆ తరవాత మీరు ఫోన్ చేస్తే ఎత్తేవాడు ఉండడు.

ఇక లెక్క. ఒక టీ, స్నాక్స్ కొట్టు అనుకుందాం. ఇవన్నీ నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు, మీ కొట్టుకి మీ అంకెలు వేసుకోండి. అద్దె 25 వేలు. నలుగురు కుర్రాళ్లు, తలకి 12 వేలు, మొత్తం 48 వేలు. కరెంటు 12 వేలు. గ్యాసు, నీళ్లు, ఇంటర్నెట్, చిల్లర మల్లర మరో 10 వేలు. అంటే తలుపు తీసినా తీయకపోయినా నెలకి 95 వేలు పోతాయి.

ఇప్పుడు వంద రూపాయల అమ్మకం చూడండి. జీఎస్‌టీని పక్కన పెట్టే వంద అంటున్నాను. సరుకు 40. పారబోసేది, పాడయ్యేది 3. రాయల్టీ 6, ప్రకటనల నిధి 2. ఈ ఎనిమిది రూపాయల మీద కంపెనీ 18 శాతం జీఎస్‌టీ వేస్తుంది, అది దాదాపు రూపాయిన్నర. మామూలు వ్యాపారంలో ఆ పన్ను క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. కానీ మామూలు హోటళ్లకి ఉన్నది ఇన్‌పుట్ క్రెడిట్ లేని 5 శాతం పద్ధతి. అంచేత ఆ రూపాయిన్నర ఖర్చుకిందే పోతుంది. ఫ్రాంచైజీ ఫీజు మీద కట్టిన 18 శాతానిదీ అదే గతి. అయిదు లక్షల ఫీజు అన్నవాడు ‘ప్లస్ ట్యాక్స్’ అని చిన్నగా గొణుగుతాడు చూశారా, ఆ గొణుగుడు ఖరీదు 90 వేలు.

వందలో మిగిలింది నలభై ఏడున్నర. 95 వేలు రావాలంటే నెలకి రెండు లక్షల అమ్మకం కావాలి. బిల్లుకి సగటున 60 రూపాయలు అనుకుంటే రోజుకి 111 బిల్లులు. ఇది కిస్తీ లేకుండా. ఎనిమిది లక్షలు అయిదేళ్లకి 11 శాతం వడ్డీతో తెస్తే నెలకి 17,400 కిస్తీ. అప్పుడు రోజుకి 131 బిల్లులు. పొద్దున్నుంచి రాత్రిదాకా కౌంటర్లో కూర్చున్నందుకు మీరు మీ జీతంగా 25 వేలైనా తీసుకోవాలిగా? అది కలిపితే 161. అప్పటికీ ఫ్రాంచైజీ ఫీజు, ఇంటీరియర్ ఖర్చు లెక్కలోకి తేలేదు. ఇంకో సంగతి: రాయల్టీ అమ్మకం మీద, లాభం మీద కాదు. మీకు నష్టం వచ్చిన నెలలోనూ కంపెనీకి వాటా వెళ్తుంది.

మన ఊళ్లో 161 బిల్లులు పడతాయా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? కంపెనీ మేనేజర్ లాప్‌టాప్‌లో చూపించే రంగురంగుల పట్టిక వల్ల తెలియదు. అదే బ్రాండు, లేదా అలాంటిదే, ఇంచుమించు మన ఊరంత ఊళ్లో ఎక్కడ ఉందో కనుక్కోండి. విజయనగరంలోనో, రాజాంలోనో ఉంటుంది. ఒక మంగళవారం వెళ్లండి, ఆదివారం సాయంత్రం వద్దు. కొట్టు తెరవగానే ఒక టీ తాగి బిల్లు తీసుకోండి. రాత్రి మూసే ముందు ఇంకో టీ తాగి ఇంకో బిల్లు తీసుకోండి. జీఎస్‌టీ నిబంధనల ప్రకారం బిల్లు నంబర్లు వరసగా ఉండాలి కాబట్టి, రెండింటి తేడాయే ఆ రోజు బిల్లుల లెక్క. రెండు కౌంటర్లుంటే రెండు చోట్లా తాగాలి, తప్పదు. ఇంత చవగ్గా ఇంత మంచి రిపోర్టు ఏ కన్సల్టెంటూ ఇవ్వడు. తీరిక దొరికితే ఆ ఓనరుతో మాట్లాడండి. అంతకంటే ముఖ్యంగా, ఆ బ్రాండు తీసుకుని మూసేసిన వాళ్లని వెతికి పట్టుకుని మాట్లాడండి.

మూసేసిన వాళ్ల వివరాలు అడగడం మర్యాద కాదేమో అని మొహమాటపడొద్దు. అమెరికాలో 1979 నుంచి దీనికి ఒక నిబంధన అమల్లో ఉంది. సంతకానికీ డబ్బుకీ కనీసం 14 రోజుల ముందు కంపెనీ ఒక వివరాల పత్రం చేతికివ్వాలి. అందులో తన మీద ఉన్న కోర్టు కేసులు, మూతపడ్డ కొట్లు, వదిలేసిపోయిన వాళ్ల వివరాలు ఉండాలి. మన దేశంలో ఫ్రాంచైజీకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 ట్రేడ్‌మార్కుల చట్టం, వాటితోనే నెట్టుకొస్తున్నాం. చట్టం ఇప్పించని కాగితాన్ని మనమే అడిగి తీసుకోవాలి. ఇవ్వనన్నాడంటే అదే జవాబు.

మన ఊరి క్యాలెండరు కంపెనీకి తెలియదు. హైదరాబాదులో సంక్రాంతికి వీధులు ఖాళీ అయితే ఇక్కడ నిండుతాయి. ఊళ్లు వదిలిపోయిన జనమంతా దిగుతారు, డే అండ్ నైట్ జంక్షన్లో కాలు పెట్టే చోటుండదు. సరిగ్గా ఆ వారమే హైదరాబాదు గోడౌన్ నుంచి లారీ రాదు, డ్రైవరూ పండక్కి ఇంటికి పోయుంటాడు. అంచేత సరుకు జనవరి మొదటి వారానికే దించుకోవాలి. చికెన్ బ్రాండు తీసుకుంటామనే కుర్రాళ్లకి ఒక మాట: కార్తీకంలో ఎన్ని ఇళ్లు నీచు ముట్టవో మీ అమ్మని అడగండి. ఏడాది లెక్క పదకొండు నెలలకే వేసుకోండి. అరసవల్లి రథసప్తమికి వచ్చే జనాన్ని చూసి కూడా మోసపోవద్దు, వాళ్లు దర్శనానికి వచ్చినవాళ్లు, మర్నాడు ఉండరు.

ఇక తుపాన్లు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు డీప్ ఫ్రీజర్లో సరుకు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అగ్రిమెంట్లో ‘కనీస రాయల్టీ’ అని ఉంటే కొట్టు మూసి ఉన్నా అది కట్టాలి. ప్రకృతి వైపరీత్యంలో కనీస రాయల్టీ మాఫీ అని ఒక్క వాక్యం రాయించుకోండి. సరుకుకి బీమా చేయించండి, అందులో కరెంటు పోయి పాడైన సరుకు కూడా వస్తుందో లేదో చూసుకోండి.

అగ్రిమెంట్ దగ్గరికి వచ్చాం కాబట్టి కొంచెం ఆగుదాం. నలభై పేజీల ఇంగ్లీషు కాగితం, ‘స్టాండర్డ్ ఫార్మాట్ సార్, అందరికీ ఇదే’ అంటాడు. అయినా చదవండి, లాయరు చేత చదివించండి. నేను ముందు చూసేది ఏరియా. ‘శ్రీకాకుళం’ అని రాస్తే చాలదు. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి ఎన్ని కిలోమీటర్ల లోపల ఇంకొకరికి ఇవ్వరో రాయాలి, ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం పెట్టే వంటశాల కూడా అందులోకి వస్తుందో లేదో రాయాలి. తరవాత సరుకు ధర. వాళ్ల దగ్గరే కొనాలంటారు, సరే, మరి ధర పెంచే హక్కుకి హద్దు ఏది? గొడవొస్తే ఎక్కడ తేలాలి? హైదరాబాదులోనో ముంబైలోనో ఆర్బిట్రేషన్, అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు, అని ఉంటుంది. రెండు లక్షల తగాదాకి ముంబై ఎవరు వెళ్తారు? సెక్యూరిటీకి సంతకం చేసిన ఖాళీ చెక్కులు అడిగితే ఇవ్వకండి. ఆ చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు నడుస్తుంది. ‘వదిలేశాక మూడేళ్లు ఇలాంటి వ్యాపారం చేయకూడదు’ అనే షరతు చూసి భయపడక్కర్లేదు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అలాంటివి సాధారణంగా నిలవవు. ఒప్పందం నడుస్తున్నంతకాలం మాత్రం పోటీ కొట్టు పెట్టొద్దన్న షరతు చెల్లుతుంది, ఇది 1995లో కోకాకోలా, గుజరాత్ బాట్లింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదే.

అగ్రిమెంట్ అయిదేళ్లు, కొట్టు అద్దె కాగితం పదకొండు నెలలు. ఇది మన ఊళ్లో మామూలే. పన్నెండో నెలలో బిల్డింగు ఓనరు అద్దె పెంచుతానంటాడు, లక్షలు పోసిన ఇంటీరియర్ గోడలకి అంటుకుని ఉంటుంది, ఎటూ కదల్లేం. రిజిస్ట్రేషన్ ఖర్చు అని జంకకుండా అయిదేళ్లకి లీజు రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా.

ఇందాక గొయ్యి అన్నాను. ‘మీరు పది లక్షలు పెట్టండి, కొట్టు మేం నడుపుతాం, నెలకి 40 వేలు గ్యారంటీ’ అంటారు. కొట్టు నడిచినా నడవకపోయినా గ్యారంటీగా డబ్బు ఇస్తానంటే అది వ్యాపారం కాదు, డిపాజిట్. అనుమతి లేని డిపాజిట్లని నిషేధిస్తూ 2019లోనే చట్టం వచ్చింది. పెద్ద బ్రాండ్ల పేరుతో, పెట్రోలు బంకులూ గ్యాస్ ఏజెన్సీల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు గుంజేవాళ్లు వేరే ఉన్నారు. వ్యక్తిగత ఖాతాలో డబ్బు వేయమన్నారంటే అక్కడే ఆగిపోండి. వేసేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నడపడం గురించి పెద్దగా చెప్పను, కూర్చుంటే మీకే వస్తుంది. ఒకటే: కూర్చోవాలి. బావమరిదికి అప్పగించి నెలకోసారి లెక్క చూస్తానంటే ఫ్రాంచైజీ వద్దు, ఫిక్స్‌డ్ డిపాజిట్ మేలు. రోజూ రాత్రి మూడు అంకెలు నోటుబుక్కులో రాయండి: బిల్లులు, క్యాష్ తేడా, పారబోసిన సరుకు. మూడోది పెరుగుతుంటే ఆర్డర్ పెట్టడంలోనో వాడకంలోనో తప్పుంది. మిలిటరీ వాళ్లకి రిజిస్టరు రాయడం నేర్పక్కర్లేదు లెండి.

మొదటి కొట్టు బాగా నడిస్తే కంపెనీవాళ్లే వచ్చి నరసన్నపేటలో రెండోది పెట్టమంటారు. మొదటిది మీరు లేకుండా నెల రోజులు నడిచిందా అని చూసుకోండి. నడవకపోతే రెండో కొట్టు పెట్టినందుకు మొదటిది పాడవుతుంది. జిల్లా మొత్తానికి మాస్టర్ ఫ్రాంచైజీ ఇస్తామంటే ఇంకా జాగ్రత్త. ఏడాదికి ఇన్ని కొట్లు తెరవాలని లక్ష్యం పెడతారు, అందకపోతే హక్కు పోతుంది, కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు.

కొందరికి ఇంకో ఆలోచన రావాలి, అది వస్తే నాకు సంతోషం. అయిదేళ్లు ఇంకొకరి పేరు మీద నడిపినవాడికి పద్ధతి చేతికొచ్చేసి ఉంటుంది. పలాస జీడిపప్పు పక్కనే పెట్టుకుని, జీడిపప్పు స్వీట్ల కొట్టుకి ఎక్కడివాడి బోర్డో ఎందుకు? మీ పేరుతోనే పెట్టి రేపు మీరే నలుగురికి ఫ్రాంచైజీ ఇవ్వొచ్చు. పేరు అనుకోగానే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఎవరికైనా ఉందేమో వెతకండి. వెతకడానికి డబ్బక్కర్లేదు. మిఠాయిలకి 30వ తరగతి, హోటల్ సేవలకి 43వ తరగతి. వ్యక్తులకీ చిన్న సంస్థలకీ ఆన్‌లైన్లో తరగతికి 4,500 రూపాయలు ఫీజు, రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు ఉంటుంది. అది చేతికి వచ్చేదాకా పేరు పక్కన సున్నాలో ఆర్ గుర్తు వేయకండి, అది నేరం. మీకు ఫ్రాంచైజీ అమ్మజూపే కంపెనీ పేరునీ అదే వెబ్‌సైట్లో వెతకండి. అమ్ముతున్న పేరు రిజిస్టరే కాని కంపెనీలు మీరనుకున్న దానికంటే ఎక్కువే కనిపిస్తాయి.

ఎవరి దగ్గరైనా అగ్రిమెంట్ కాపీ ఉంటే ఇలా ముందుకి తీసుకురండి, ఏరియా పేజీతో మొదలుపెడదాం.