మన చలికి తాబేలును నిద్రపుచ్చొద్దు

నమస్తే అండీ. సిరిమాను సంబరం అయిపోయి, నాగుల చవితికి పుట్టలో పాలు పోసి వచ్చేసరికి మన విజయనగరంలో పొద్దున్నపూట చలి తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే నాకు మెసేజ్‌లు కూడా మొదలవుతాయి. "అన్నా, మా తాబేలు తిండి మానేసింది", "రోజంతా తొట్టి అడుగునే పడుంటోంది, టెన్షన్‌గా ఉందన్నా" అని. ఈసారి శ్రీకాకుళం నుంచి ఒక తమ్ముడు ఇంకో మెట్టు పైకెళ్లాడు. బ్రిటన్‌లో ఒకావిడ తన తాబేలును డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టి చలికాలమంతా నిద్రపుచ్చే వీడియో పంపాడు. "మనం కూడా ఇలా చెయ్యొచ్చా అన్నా, ఫ్రిజ్‌లో కింద అర ఖాళీగానే ఉంది" అన్నాడు.

వద్దు తమ్ముడూ. ఆ అరలో కూరగాయలే పెట్టుకో. ఆ వీడియోలో ఆవిడ చేసింది తప్పేం కాదు. కానీ ఆమె తాబేలు వేరు, మన తాబేలు వేరు, ఆమె చలి వేరు, మన చలి వేరు.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ తాబేలో చూసుకోండి. అక్వేరియం షాపులో రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు కొనుక్కున్నది, ఆకుపచ్చగా ఉండి, కంటి వెనక ఎర్రటి చార ఉన్నది అయితే అది రెడ్ ఇయర్డ్ స్లైడర్. దాని సొంతూరు అమెరికాలోని మిసిసిపీ నది ప్రాంతం. షాపువాడు "ఇది ఇంతే ఉంటుందండీ, పెరగదు" అని చెప్పే ఉంటాడు. పెరుగుతుంది. అన్నం తినే కంచమంత అవుతుంది, బాగా చూసుకుంటే ముప్పై ఏళ్లు కూడా బతుకుతుంది. నేను చేస్తున్న ఈ వీడియో దాని గురించే.

అలా కాకుండా వీపు మీద పసుపు పచ్చ నక్షత్రాలున్న తాబేలు ఉంటే మాత్రం విషయం వేరే. శ్రీకూర్మం వెళ్లినప్పుడు గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను చూసే ఉంటారు. వాటిని చూసి వచ్చి, ఇంట్లో ఒకటుంటే కలిసొస్తుందని ఎవరి దగ్గరో గుట్టుగా కొనేవాళ్లున్నారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని మొదటి షెడ్యూల్లోకి తెచ్చారు, అంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లోనే పూర్తిగా నిషేధించారు. వరి చేలో, చెరువు గట్టున దొరికే మన నీటి తాబేలుకి కూడా అదే చట్టం. దమ్ము పట్టేటప్పుడు దొరికిందని పిల్లలు తెచ్చి బకెట్లో వేస్తారు. దాన్ని మళ్లీ ఆ చెరువులోనే వదిలెయ్యండి. దాని చలికాలం అది చూసుకుంటుంది, మన హీటర్లు దానికి అక్కర్లేదు.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. ఆ వీడియోలో ఉన్నది మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల నేల తాబేలు. అక్కడి చలికి అది మట్టిలో దూరి నెలల తరబడి పడుకుంటుంది. అందుకని పెంచేవాళ్లు కొన్ని వారాల ముందే తిండి ఆపేసి, కడుపు ఖాళీ అయ్యాక, సుమారు 5 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెడతారు. గాలి కోసం తరచూ తలుపు తీస్తారు, బరువు తూస్తూ ఉంటారు. వేడి ఎక్కువైతే అది లేచిపోతుంది, సున్నా కిందికి దిగితే కళ్లు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చూడ్డానికి తేలిగ్గా కనిపిస్తుంది గానీ, అది ఏళ్ల తరబడి చేసినవాళ్ల పని.

మరి మన స్లైడర్? దాని సొంత ఊళ్లో అదీ చలికాలం పడుకుంటుంది. నీళ్లు 10 డిగ్రీల కిందికి చల్లబడితే చెరువు అడుగున బురదలో కదలకుండా ఉండిపోతుంది. ఒళ్లంతా నెమ్మదించిపోతుంది కాబట్టి నీళ్లలో ఉన్న కాస్త ఆక్సిజన్ దానికి సరిపోతుంది.

ఇక మన ఊరికి రండి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా చలి మామూలుగా 16, 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం మళ్లీ 28 దాకా పోతుంది. అంటే డాబా మీద టబ్బులో నీళ్లు తెల్లారేసరికి 19, 20 దగ్గర ఉంటాయి. ఈ అంకె చూశారా, అసలు గొడవంతా ఇక్కడే. తాబేలు నిద్రపోవడానికి ఆ చలి చాలదు, తిన్నది అరగడానికి ఆ వేడి చాలదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అదన్నమాట.

తాబేలుకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. చుట్టూ ఎంత ఉంటే దాని ఒళ్లూ అంతే. మధ్యాహ్నం కాస్త వేడెక్కి చురుగ్గా ఈదుతుంటే మనం "అమ్మయ్య, బావుంది" అని మేత వేస్తాం. అది తింటుంది. రాత్రి చలికి అరుగుదల ఆగిపోతుంది. తిన్నది పేగులో అలాగే ఉండి కుళ్లుతుంది. మరోపక్క దాని రోగనిరోధక శక్తి కూడా చలికి నెమ్మదిస్తుంది. క్రిములు మాత్రం 20 డిగ్రీల్లో హాయిగా పెరుగుతాయి. సంక్రాంతి దాటాక "అన్నా, మాది చచ్చిపోయింది" అని వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం వెనక కథ ఇదే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. మన జిల్లాల్లో స్లైడర్‌ను చలికాలం కూడా మెలకువగా, వెచ్చగా, తింటూ ఉండేలా చూసుకోవాలి.

ఇదిగో, నా తొట్టి దగ్గరకు రండి. కెమెరా కొంచెం కిందికి. ఈ తెల్ల పైపు కనిపిస్తోందా? ప్లంబింగ్‌కి వాడే పీవీసీ పైపు ముక్క. డ్రిల్లుతో చుట్టూ బెజ్జాలు పెట్టాను. లోపల ఉన్నది అక్వేరియం హీటర్. చేపల తొట్టిలో అయితే పైపు అక్కర్లేదు. కానీ తాబేలు వీపుతో గుద్దుతుంది, పైకెక్కుతుంది, పక్కన నక్కి పడుకుంటుంది. గాజు హీటర్ పగిలిందంటే నీళ్లలోకి కరెంటే. లేదా పడుకున్న చోట పొట్ట కాలుతుంది. పైపు అంచులు ఇసుక కాగితంతో రుద్దాను, చూడండి, కాళ్లకి గీసుకోకుండా.

లీటరు నీళ్లకి సుమారు ఒక వాట్ లెక్క వేసుకోండి. 100 లీటర్ల తొట్టికి 100 వాట్ల హీటర్. దాన్ని 26 దగ్గర పెట్టండి, పిల్ల తాబేలుకైతే 27, 28. నీళ్లు ఇప్పటికే చల్లగా ఉంటే ఒక్కసారిగా పెంచకండి, రోజుకి రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ పోండి. హీటర్ మీద రాసిన అంకెను నమ్మకండి. విడిగా ఒక థర్మామీటర్ హీటర్‌కి దూరంగా, ఆ చివర అంటించండి. నీళ్లు మార్చేటప్పుడు ముందు స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, కాసేపు చల్లారనిచ్చి అప్పుడు నీళ్లు తియ్యండి. వేడి హీటర్ గాల్లోకి తేలితే గాజు టప్పున పగులుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. ఇందులో పిసినారితనం వద్దు.

మరి కరెంటు పోతే? మన తీరంలో అక్టోబరు, నవంబరు అంటే తుఫాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు నేను చెప్పాలా. అలాంటప్పుడు ఇంత నీటిని ఇన్వర్టర్ మీద కాచడం కుదరదు. తొట్టి చుట్టూ థర్మాకోల్ షీట్లు కట్టి, పైన దుప్పటి కప్పండి, గాలికి కాస్త సందు ఉంచండి. గోరువెచ్చని నీళ్లు సీసాల్లో పోసి, మూత గట్టిగా బిగించి తొట్టిలో తేలనివ్వండి. మరిగే నీళ్లు నేరుగా పొయ్యకండి. ముఖ్యంగా, కరెంటు వచ్చి నీళ్లు మళ్లీ వెచ్చబడేదాకా మేత వెయ్యకండి. పెద్ద తాబేలు కొన్నాళ్లు పస్తుంటే ఏమీ కాదు.

నీళ్లు వెచ్చగా ఉంటే సగం పనే అయినట్టు. అది నీళ్లలోంచి బయటికొచ్చి, పూర్తిగా ఆరి, ఎండ కాచుకోవాలి. దానికి నేను బంగళా పెంకు వాడతాను. రెండు ఇటుకల మీద ఏటవాలుగా పెడితే గరుకుగా ఉంటుంది, ఎక్కడానికి పట్టు దొరుకుతుంది. పైన అడుగు ఎత్తులో పాత గుండు బల్బు, 60 వాట్లది. ఎల్ఈడీ బల్బు వెయ్యకండి, వెలుతురే గానీ వేడి రాదు. పెంకు మీద 30, 32 డిగ్రీలు ఉండాలి. ఇప్పుడు చూడండి, ఎక్కింది. వెనక కాళ్లు రెండూ వెనక్కి బారుగా చాపి, వేళ్ల మధ్య పొర విప్పి పెట్టింది. మెడ పూర్తిగా బయటికి. కళ్లు సగం మూసింది. ఆ అంచున వీపు మీద పెచ్చు ఒకటి లేచి ఉంది, పల్చగా ప్లాస్టిక్ కాగితంలాగా. అది జబ్బు కాదు, పెరుగుతున్న తాబేలు పాత పొర వదులుతోంది. గోటితో లాగకండి. కొబ్బరినూనె రాసి మెరిపించకండి. నూనె రాస్తే దుమ్ము పట్టడం తప్ప వచ్చేదేం లేదు.

బల్బు వేడినిస్తుంది, ఎండ మాత్రం ఇవ్వలేదు. ఎండలోని యూవీబీ కిరణాలు తగిలితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారై, కాల్షియం ఒంటికి పడుతుంది. లేకపోతే డొప్ప మెత్తబడుతుంది, వంకర తిరుగుతుంది. కిటికీ అద్దం పక్కన పెట్టామంటే చాలదు, మామూలు గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది. చలికాలంలో మనకు ఉన్న సుఖం ఏంటంటే, బ్రిటన్ ఆవిడకి లేని ఎండ మనకి రోజూ ఉంది. మంచు విడిచాక, తొమ్మిదింటికి అలా టబ్బును డాబా మీద పెట్టండి, అరగంట, ముప్పావుగంట. సగం టబ్బు నీడలో ఉండాలి, వేడెక్కితే తప్పుకోవడానికి. పైన వల కప్పండి, కాకులూ గద్దలూ కాచుకుని ఉంటాయి. గాజు తొట్టిని మాత్రం ఎండలో పెట్టకండి, నీళ్లు చూస్తుండగానే కాగిపోతాయి. డాబా లేనివాళ్లు యూవీబీ లైటు కొనుక్కోవాల్సిందే.

మేత దగ్గర ఎక్కువ చెప్పను. పెద్దవాటికి వారానికి రెండు మూడుసార్లు, పిల్లలకి రోజూ, దాని తలకాయంత. మధ్యాహ్నం, ఒళ్లు వెచ్చబడ్డాకే. పెల్లెట్లతో పాటు మందార పువ్వు, మునగాకు, గుమ్మడి ముక్క వెయ్యండి. అన్నం, మరమరాలు, బ్రెడ్డు వద్దు. ఎండురొయ్యలు మన దగ్గర చవగ్గా దొరుకుతాయని రోజూ అవే వేస్తే ఎ విటమిన్ లేక కళ్లు వాచి మూసుకుపోతాయి. కాల్షియానికి మాత్రం కొట్టుకి పోనక్కర్లేదు. కళింగపట్నమో చింతపల్లి బీచ్చో వెళ్లినప్పుడు ఇసుకలో తెల్లగా, పడవ ఆకారంలో తేలిగ్గా దొరికే సముద్రపు నురుగు ఏరుకోండి. అది కటిల్ ఫిష్ ఎముక. మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, ముక్క వెయ్యండి. కొరుక్కుంటుంది.

బీచ్ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ చలి నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్ల కనబడితే ముద్దొస్తుంది, నిజమే. ఇంటికి తెచ్చి ఉప్పునీళ్ల బకెట్లో వెయ్యకండి, అది బతకదు, పైగా కేసు. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

ఇప్పుడు జబ్బు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి మెడ చాచి గాలి పీల్చడం, ఊపిరి తీసినప్పుడు టిక్కుటిక్కుమనే చప్పుడు, నీళ్లలో ఒక పక్కకి ఒరిగి తేలడం. వీటిలో ఏది కనబడినా న్యుమోనియా అనుకుని కదలండి. తాబేలుకి మనలాగా గట్టిగా దగ్గే వీలు లేదు, ఊపిరితిత్తుల్లో చేరిన చీము బయటికి రాదు. నీళ్లు లోతు తగ్గించి, 28 దగ్గర ఉంచి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మా వైపు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, ముందు ఫోన్ చేసి తాబేలు అని చెప్పండి. విశాఖలో అయితే చిన్న పెంపుడు జంతువుల డాక్టర్లు ఎక్కువ. ఎక్కడికెళ్లినా ఒక్క మాట గుర్తుపెట్టుకుని అడగండి. పశువులకీ కుక్కలకీ వాడే ఐవర్‌మెక్టిన్ తాబేలుకి విషం. పురుగుల మందని ఎవరైనా ఇవ్వబోతే ఆ పేరు ఉందేమో చూడండి. మీ ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్ల నీళ్లలో కలపడం కూడా వద్దు.

తొట్టి కడిగాక చేతులు సబ్బుతో కడుక్కోండి, వంటింటి సింకులో కడగకండి. తాబేలు ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. పిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారనే అమెరికాలో నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుంది కదా, అప్పుడు హీటర్ తియ్యండి. అదీ ఒక్క రోజులో కాదు, ఎక్కించినట్టే మెల్లగా దించి. ఈలోగా "అమ్మో, ఇంత పని మావల్ల కాదు" అనిపిస్తే పెద్ద చెరువులోనో నాగావళిలోనో వదిలెయ్యకండి. పుణ్యం అనుకుంటారు గానీ, ప్రపంచంలో అత్యంత చెరుపు చేసే వంద పరాయి జాతుల జాబితాలో ఈ స్లైడర్ ఉంది. మన నీటి తాబేలు ఎండ కాచుకునే రాయీ, తినే తిండీ అదే లాక్కుంటుంది. పెంచగలిగే ఇంకొకరిని వెతకండి. దొరక్కపోతే నాకు మెసేజ్ పెట్టండి, మీ ఊరి పేరు, తాబేలు సైజు రాసి. అడిగేవాళ్లున్నారు.