ఎర్రతెర రాకముందు

అందరికీ నమస్కారం.

లింకు నొక్కగానే తెరంతా ఎర్రబడి, ముందుకు వెళ్లొద్దని బ్రౌజర్ ఆపడం మీలో కొందరైనా చూసే ఉంటారు. ఆ హెచ్చరికను జనం బాగానే వింటారు. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఫిషింగ్ (అసలు సైటులా నటించి పాస్‌వర్డ్ కాజేసే మోసం) హెచ్చరికను కాదని ముందుకెళ్లినవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో నూటికి 9 మంది, క్రోమ్‌లో 18 మంది. నా దిగులంతా ఎర్రతెర రాని సందర్భం గురించే.

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ దొంగ సైట్ల పేర్లుండే గూగుల్ వారి సేఫ్ బ్రౌజింగ్ జాబితాను వాడతాయి. ఎడ్జ్‌కు అలాంటిదే మైక్రోసాఫ్ట్ స్మార్ట్‌స్క్రీన్ ఉంది. చాలా ఏళ్లపాటు క్రోమ్ ఆ జాబితా నకలును మన పరికరంలోనే ఉంచుకుని అరగంటకో గంటకో తాజా చేసుకునేది. సగటు దొంగ సైటు బతికేది 10 నిమిషాల లోపేనని 2024 మార్చిలో గూగులే చెప్పింది. అంటే జాబితా అందేసరికి దొంగ దుకాణం కట్టేసి ఉంటాడు. అందుకే ఇప్పుడు క్రోమ్ అప్పటికప్పుడు గూగుల్ సర్వర్‌ను అడిగి చూసుకుంటోంది. మంచి మార్పే. కానీ ఆ సైటు సంగతి ముందు ఆ సర్వర్‌కైనా తెలియాలి కదా!

ఇక చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు. దాన్ని చూసి నమ్మండని ఏళ్ల తరబడి మనమే చెప్పాం. దారిలో ఎవరూ తొంగిచూడరని తప్ప, అవతల ఉన్నది ఎవరో ఆ తాళం చెప్పదు. ఆ తాళం రావడానికి కావలసిన సర్టిఫికెట్ దొంగకూ ఉచితంగానే దొరుకుతుంది. 2023లో క్రోమ్ ఆ గుర్తునే తీసేసింది.

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. వెబ్ చిరునామాలో, తొలి ఒంటి గీతకు (/) ముందుండే సైటు పేరులో, అది చివరికొస్తుంది. సైటు పేరు మొదట్లో మీ బ్యాంకు పేరు కనిపించినంత మాత్రాన అది మీ బ్యాంకు కాదు, చివర ఏముందో చూడాలి. హడావిడిలో మన కన్ను అక్కడిదాకా పోదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్ మాత్రం సైటు పేరు సరిపోలితేనే తనంతట తాను నిండుతుంది. రోజూ నిండేది ఈ రోజు నిండలేదా? దయచేసి చేత్తో కొట్టకండి. నా దృష్టిలో ఎర్రతెర కన్నా ముందొచ్చే హెచ్చరిక అదే. పాస్‌వర్డ్‌కు బదులు వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో లాగిన్ చేయించే పాస్‌కీ అయితే మనం పొరపడినా దొంగ సైటులో అసలు పనిచేయదు.

రిజర్వు బ్యాంకు మన బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారమంది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ (రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ) ఒక్కటే, అవీ బ్యాంకులకే. ఇంటికెళ్లాక అమ్మానాన్నల ఫోన్లలో వాళ్ల బ్యాంకు కొత్త చిరునామా మీరే టైపు చేసి, బుక్‌మార్క్ పెట్టివ్వండి.