పులి తోక ఎవరు కుడతారు?

అక్క: నమస్కారం. బరంపురం నుంచి మళ్లీ మేమిద్దరమే. వెనకాల టకటకలు వినిపిస్తే ఏమీ అనుకోకండి, పక్క గదిలో కుట్టు మిషను ఆపడం నా వల్ల కాలేదు. ఈ పూట మాట్లాడబోయేది నా నిద్ర చెడగొట్టిన విషయం. మొన్న తెల్లవారుజామున మూడింటికి మంచినీళ్లకు లేస్తే మా తమ్ముడి కంప్యూటర్ తెర మీద ఎద్దు తల, ఎద్దు గిట్టలు ఉన్న ఆకారం ఒకటి వంగి మందుమొక్కలు కోసుకుంటోంది. ఎవరు ఇది అని అడిగాను. "నేనే" అన్నాడు.

తమ్ముడు: దాన్ని టారెన్ అంటారక్కా, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక జాతి.

అక్క: ఏదో ఒకటి. నా ప్రశ్న మాత్రం ఒకటే. హాయిగా మనిషిగా ఆడుకోక ఈ ఎద్దులూ బల్లులూ ఎందుకు?

తమ్ముడు: మనిషిగా పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడుతూనే ఉన్నాను కదా, దుకాణంలో.

అక్క: అక్కడ బాగా ఆడుతున్నట్టు లేదు. నిన్న గల్లాపెట్టెలో 150 రూపాయలు తగ్గాయి.

తమ్ముడు: (నవ్వు) అది తరవాత చూద్దాం. నీలాగే అనుకున్నవాళ్లు ఉన్నారు. 1997లో అల్టిమా ఆన్‌లైన్ అనే ఆట వచ్చినప్పుడు అందులో అందరూ మనుషులే. పొడుగు చెవుల ఎల్ఫ్‌గా ఆడే వీలు 2005లో గాని రాలేదు. ఈలోగా 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ మొదటి రోజు నుంచే డజను జాతులు ఇచ్చింది. మనుషులు, రకరకాల ఎల్ఫ్‌లు, మరుగుజ్జులు, ఓగర్లనే భారీ రాక్షసులు, ట్రోల్‌లు.

అక్క: ఇస్తే ఏమి ఒరిగింది? చెవులు పొడుగయ్యాయి, అంతే కదా?

తమ్ముడు: అక్కడే నువ్వు పొరబడ్డావు. ఓగర్‌గా పుట్టావనుకో, మనుషుల ఊరి ద్వారం దగ్గరికి వెళ్తే కాపలావాళ్లు మాటామంతీ లేకుండా కత్తి దూస్తారు. నువ్వు ఏ తప్పూ చేయలేదు, మొదటి లెవెల్లోనే ఉన్నావు, అయినా చంపేస్తారు. ఇంకా మంచిది ఒకటి ఉంది. ఓగర్ ఒళ్లు మరీ పెద్దది, కొన్ని గుమ్మాల్లో పట్టదు. గుహలో అందరూ లోపలికి దూరిపోతే ఓగర్ మాత్రం గుమ్మంలో ఇరుక్కుని నిలబడతాడు. అప్పుడు జట్టులో ఉన్న షామన్ అనే మంత్రగాడు వచ్చి వాణ్ని చిన్నగా చేసే మంత్రం వేయాలి. ఆ మంత్రం తెలిసినవాడికి ఎంత గిరాకీ అనుకున్నావు!

అక్క: పెళ్లిభోజనాల్లో వడ్డించేవాడికి ఉన్నంత అన్నమాట.

తమ్ముడు: అంతే. మనుషుల సంగతి కూడా విను. ఆ ఆటలో ఎల్ఫ్‌లకు, మరుగుజ్జులకు చీకట్లో చూపు ఉంటుంది. మనిషికి ఉండదు. రాత్రి పడితే అడవిలో ఏమీ కనిపించదు, దీపం ఏదైనా చేతిలో ఉండాలి. పక్కనున్న ఎల్ఫ్ పట్టపగల్లా నడిచి వెళ్లిపోతుంటాడు. నువ్వు ఆ అడుగుల చప్పుడు విని వెంటపడాలి. మనిషంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. పక్కన మనిషి కానివాడు లేకపోతే మనిషి కూడా ఒక వేషమే అన్న సంగతి గుర్తు రాదు.

అక్క: ఇప్పుడు కొంచెం దారికి వచ్చావు. వినేవాళ్లకు తెలియకపోవచ్చు, మా ఊళ్లో రెండేళ్లకు ఒకసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది, చైత్రంలో. నేతవాళ్ల పెద్ద దేశీ బెహరా ఇంటిని అమ్మవారి పుట్టింటిగా భావిస్తారు. మొక్కుకున్నవాళ్లు వేషాలు వేస్తారు. వాటిలో పులి వేషం పెద్దది. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక. డోలు, మహురి అనే సన్నాయి మొదలైతే వీధి వీధంతా ఊగుతుంది. పదేళ్లుగా ఆ తోకలు కుడుతున్నాను, అందుకని చెబుతున్నాను. రంగు ఎవరైనా పూస్తారు. పులి అయ్యేవాడు భుజం కదిపిన తీరులో తెలిసిపోతాడు. ఒకాయన ఉన్నారు, బక్కపలచని మనిషి, రోజంతా కూరగాయలు అమ్ముతారు. తోక కట్టగానే నడుము కిందికి దిగుతుంది, మెడ ముందుకు వస్తుంది, పిల్లలు అమ్మల వెనక్కి పోతారు. ఇంకొకాయన రంగంతా బ్రహ్మాండంగా పూయించుకుని, నడుస్తూ ఫోను చూసుకుంటారు.

తమ్ముడు: ఆ ఫోను పులులే ఇప్పటి ఆటల్లో ఎక్కువ! నా గొడవంతా అదే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో ఎనిమిది జాతులతో వచ్చింది, ఒకరితో ఒకరు పోరాడే రెండు వైపులు, అటు నాలుగు, ఇటు నాలుగు. మా వైపు ఓర్క్‌లు, ట్రోల్‌లు, లేచి తిరిగే శవాలు, ఎద్దులు. ఒక్కరూ అద్దంలో చూసుకునే రకం కాదు. 2007లో మా వైపు బ్లడ్ ఎల్ఫ్‌లను చేర్చారు. నాజూకు ముఖాలు, పొడుగు చెవులు, నిగనిగలాడే జుట్టు. జనం విరగబడ్డారు. చూడబోతే సన్నటి మనుషులే, చెవులు తప్ప.

అక్క: జనానికి అందం కావాలి. తప్పేముంది?

తమ్ముడు: తప్పని అనను. కానీ మనిషికి చెవి అతికించి కొత్త జాతి అంటే నాకు ఒప్పదు. దానికన్నా మనుషులనే పది దేశాలవాళ్లుగా చూపించమంటాను, ఆ శ్రమ అక్కడ పెడితే మేలు.

అక్క: మరి ఎద్దులూ బల్లులూ నిజంగా వేరేగా ఉండాలంటే శ్రమ ఎవరిది? కుట్టేవాళ్లది. తోక సంగతి చెప్పనా? లోపల వెదురు బద్ద, చుట్టూ దూది, పైన గుడ్డ. బరువు ఎక్కువైతే పట్టీ జారుతుంది, తక్కువైతే తాడులా వేలాడుతుంది. ఒక్కొక్కరి నడుముకు ఒక్కో కొలత. మీ ఆటలో బట్టలు కుట్టేవాళ్లు ఏమి చేస్తారు?

తమ్ముడు: ఇంత మంచి ప్రశ్న నేను ఆడేవాళ్ల దగ్గర కూడా వినలేదు. ఎనిమిది జాతులు, ఒక్కో జాతిలో ఆడా మగా, మొత్తం పదహారు ఒళ్లు. ఒక శిరస్త్రాణం తయారు చేస్తే పదహారు తలలకు సరిపోయిందా అని చూడాలి. కొమ్ములున్న తల ఉంది, దంతాలు బయటికి వచ్చిన ముఖం ఉంది. ఒక్క జాతిని పెంచితే అప్పటిదాకా ఉన్న శిరస్త్రాణాలన్నీ మళ్లీ చూసుకోవాలి. టారెన్‌కు ఎంత మంచి బూట్లు తొడిగినా కింద గిట్టలే కనిపిస్తాయి.

అక్క: అంటే కొలతలు తీయకుండా తప్పించుకున్నారు. నేనూ ఒకసారి అలాగే చేశాను, అమ్మవారి ముందు నడివీధిలో తోక ఊడింది.

తమ్ముడు: అందుకే నేను ఇరవై జాతులు అడగను. నాలుగైదు చాలు, ఒక్కోదానికి ఒళ్లు, నడక, ఊరు, పగ అన్నీ ఉండాలి. గిల్డ్ వార్స్ అని ఒకటి ఉంది. 2005లో వచ్చింది, అందులో ఆడేది మనుషులుగానే. చార్ అనే కొమ్ముల మృగాలు శత్రువులు, మన రాజ్యాన్ని కాల్చేస్తాయి. చూస్తే చంపడమే. 2012లో రెండోది వచ్చింది. ఈసారి చార్‌గా ఆడవచ్చు. ఆడితే తెలుస్తుంది, ఆ నేల మనుషులు రాకముందు వాళ్లదే.

అక్క: ఓహో. అప్పుడు చంపినవాటి ఇంట్లోకే వెళ్లి కూర్చున్నావు.

తమ్ముడు: కూర్చున్నాను. కొంచెం ఇబ్బందిగానే ఉండింది. పాత శత్రువును ఆడించడమంటే కొత్త బొమ్మ ఇవ్వడం కాదు, పాత కథను మళ్లీ లెక్క చూడటం.

అక్క: నాకు మాత్రం ఆ జాతి అన్న మాటే గుచ్చుకుంటుంది. ఫలానా జాతిలో పుట్టావు కాబట్టి బలం ఎక్కువ, బుద్ధి తక్కువ అని రాసిపెట్టడం. అలాంటి మాటలు మనం బయట వినడం లేదా?

తమ్ముడు: ఆ గుచ్చుకోవడం ఆటలు తయారు చేసేవాళ్లకూ తెలిసింది. ఇలాంటి ఆటలన్నింటికీ పెద్దమ్మ, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974 నాటిది. 2024 నాటి నియమాల పుస్తకంలో జాతికి వాడే రేస్ అన్న పాత ఇంగ్లీషు మాట తీసేసి, జీవశాస్త్రంలో వాడే స్పీషీస్ అన్న మాట పెట్టారు. బలం, బుద్ధి పెంచే అంకెలను పుట్టుక నుంచి తీసి, చేసిన పనికి, పెరిగిన తీరుకు ముడిపెట్టారు. నాకు ఇది సగం నచ్చింది. ఓగర్‌కు బుద్ధి తక్కువ అనడం పోవాలి. గుమ్మంలో పట్టకపోవడం మాత్రం ఉండాలి.

అక్క: అది సరే. మరి ఎవర్‌క్వెస్ట్‌లో అయితే నువ్వు ఏమి తీసుకుంటావు, ఆ ఓగర్‌నేనా?

తమ్ముడు: కాదు. సగం ఎల్ఫ్. మనుషుల ఊళ్లో మొదలుపెట్టవచ్చు, ఎల్ఫ్‌ల ఊళ్లోనూ మొదలుపెట్టవచ్చు.

అక్క: ఇచ్ఛాపురం దాటితే ఒడియా అబ్బాయి, ఇంటికి వస్తే తెలుగు అబ్బాయి. డబ్బులు పెట్టి అదే కొనుక్కున్నావన్నమాట!

తమ్ముడు: (నవ్వు) నువ్వు చెప్పు. రేపు ఒక క్యారెక్టర్ తయారు చేసి పెడతాను. ఏ జాతి కావాలి?

అక్క: అందరిలోకీ పొట్టివాళ్లు ఎవరు?

తమ్ముడు: నోమ్‌లు. నా టారెన్‌కు మోకాలి దాకా వస్తారేమో.

అక్క: అదే పెట్టు. గుడ్డ తక్కువ పడుతుంది.