ఆ 38 ఎక్కడిది?

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పావుగంటలో సగం పోతుంది, క్షమించాలి. పీజీలు, హౌస్ సర్జన్లు, వెనక నిలబడ్డ సిస్టర్లు, నేను మాట్లాడేది మీతోనే. సిస్టర్లకి కుర్చీలు వేయండి బాబూ.

నాకిచ్చిన అంశం మెనింజైటిస్‌లో, అంటే మెదడు పొరల వాపులో, కొత్త పరీక్షలు. స్లైడ్లు కూడా తెచ్చాను. ముందు ఒక పాత కేస్ షీట్ సంగతి చెప్పి వాటి దగ్గరకి వస్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక రైతు తన కూతుర్ని తీసుకొచ్చాడు. డిగ్రీ చదివే పిల్ల, నెలల తరబడి తలనొప్పి. అప్పటికే వేరేచోట ఎల్‌పీ, అంటే నడుములో సూది వేసి వెన్నునీరు చూసే పరీక్ష, చేశారు. కాగితం మీద 'ఓపెనింగ్ ప్రెషర్ 38' అని ఉంది, అంతే. సూది దిగగానే ఆ నీటి ఒత్తిడి ఎన్ని సెంటీమీటర్లో చెప్పే అంకె అది. తలలో ప్రెషర్ పెరిగిపోయింది, ఆ నీరు మళ్లించడానికి గొట్టం వేయాల్సి రావచ్చు అన్నారట. ఆయన పొలం బేరం పెట్టేశాడు. నేను కళ్లు చూశాను, తలలో ప్రెషర్ పెరిగితే మామూలుగా కనిపించే కంటి నరం వాపు లేదు. "సూది వేసినప్పుడు పడుకున్నావా, కూర్చున్నావా తల్లీ?" అని అడిగాను. "దిండు కౌగిలించుకుని కూర్చోమన్నారు సార్" అంది.

పక్కకి పడుకోబెట్టి మళ్లీ చూస్తే 17 సెంటీమీటర్లు. ఆ పిల్లది మైగ్రేన్. పొలం అడ్వాన్సు ఏమైందో నేను అడగలేదు.

మొదట చూసినవాళ్లు అబద్ధం రాయలేదు. సూదికి తగిలించిన కొలత గొట్టంలో నీరు నిజంగానే 38 దాకా ఎక్కింది. మీ అపార్ట్‌మెంటులో ట్యాంకు పైన ఉంటుంది. కింది ఇంట్లో కుళాయి జోరుగా వస్తుంది, పై అంతస్తులో నీరసంగా కారుతుంది. మనిషి కూర్చుంటే వెన్నులో నీరు అలాగే నిలువుగా నిలబడుతుంది. నడుము దగ్గర 30, 40 కూడా మామూలే. అదే సమయంలో తలలో సున్నా, లేదా ఇంకా తక్కువ. పక్కకి పడుకుంటే తలా నడుమూ ఒకే మట్టానికి వస్తాయి కాబట్టి నడుములో చూసింది తలకీ చెల్లుతుంది. పెద్దవాళ్లకి 25 దాకా, పిల్లలకి 28 దాకా పరవాలేదని చదువుకున్నామే, ఆ లెక్క పడుకున్న మనిషిది.

1891లో జర్మనీలో, కీల్ ఊళ్లో, క్వింకే అనే డాక్టరు ఈ సూది పద్ధతి చెప్పినప్పుడే ప్రెషర్ కూడా కొలిచాడు. ఇంతకాలం గడిచినా మన కేస్ షీట్లో పడుకున్నాడా, కూర్చున్నాడా అన్న ఆ ఒక్క మాట రాయడానికి చెయ్యి రాదు.

పోయినసారి ఎల్‌పీ చేసినప్పుడు పేషెంటు ఏ భంగిమలో ఉన్నాడో రాసినవాళ్లు చేతులెత్తండి. మూడు. అందులో ఒకటి సిస్టర్‌ది.

నా తప్పూ చెప్పాలి. మా రోజుల్లో ఒక వార్డ్ బాయ్ ఉండేవాడు. "రొయ్యలా ముడుచుకో" అంటూ ఎంతటి మనిషినైనా మడిచేసేవాడు. 'వెన్నులో నీళ్లు తీస్తే నడుం పడిపోతుంది' అని ఏడ్చేవాళ్లని కూడా మాటల్లో పెట్టి ఒప్పించేవాడు. సూది తేలిగ్గా దిగేది, నేను వెంటనే కొలిచేసేవాణ్ణి. మోకాళ్లు పొట్టకి నొక్కుకుని, ఊపిరి బిగబట్టి, ఏడుస్తున్న మనిషి ప్రెషరది! మడవడం నేర్పిన మా ప్రొఫెసర్లు విప్పడం నేర్పలేదు. నీరు వచ్చాక కాళ్లు మెల్లగా చాపించాలి, గడ్డం వదులు చేయించాలి, గొట్టంలో నీటి మట్టం ఊపిరితో పాటు కదిలి కుదుటపడేదాకా ఆగాలి. కాళ్ల వల్ల వచ్చే తేడా మామూలుగా ఒకటి రెండు సెంటీమీటర్లే. ముక్కితే, ఏడిస్తే చాలా ఎక్కువ. మత్తు ఇచ్చి చేస్తే ఊపిరి మందగించి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, దానివల్లా ప్రెషర్ పెరుగుతుంది. అదీ రాయండి.

లావుగా ఉన్నవాళ్లకి కూర్చోబెడితేనే సూది దొరుకుతుంది అంటారు. ఒప్పుకుంటాను. దొరికాక సూది లోపలి తీగ మళ్లీ పెట్టేసి, ఇద్దరు పట్టుకుని జాగ్రత్తగా పక్కకి పడుకోబెట్టి కొలవండి. మానోమీటర్, అంటే ఆ కొలత గొట్టం, లేదంటారు. ఎన్నిసార్లు ఇండెంట్ పెట్టినా రాలేదు, నాకు తెలుసు. నేను సెలైన్ సెట్టు గొట్టాన్ని స్టాండుకి నిలువుగా కట్టి టేపుతో కొలిచినవాణ్ణే. టేపు సున్నా సూది మట్టంలో ఉండాలి, మంచం అంచు దగ్గర కాదు.

స్లైడ్ల సంగతి వదిలేయండి, టైమ్ అయిపోయింది. ఆ టేబుల్ ఇటు జరపండి. పడుకోవడానికి ఒకరు, మడవడానికి ఒకరు, విప్పడానికి ఒకరు రండి. సూది ఉండదు లెండి.